కుక్క ఒంటి మీద గడ్డ: ఎన్నాళ్లు ఆగొచ్చు, ఎప్పుడు ఆగకూడదు

స్నానం చేయిస్తున్నప్పుడో, గోమార్లు ఏరుతున్నప్పుడో కుక్క ఒంటి మీద గడ్డ చేతికి తగులుతుంది. వెంటనే వచ్చే ప్రశ్న ఒక్కటే: ఇది కొవ్వు గడ్డా, క్యాన్సరా? తడిమి చూసి దీనికి జవాబు చెప్పడం పెంచేవాళ్ల వల్లే కాదు, అనుభవమున్న పశువైద్యుడి వల్ల కూడా కాదు. చర్మం కింద మెత్తగా జారే గడ్డల్లో చాలావరకు కొవ్వు గడ్డలే. కానీ అచ్చం అలాగే మెత్తగా జారే మాస్ట్ సెల్ కంతులూ (అలర్జీకి సంబంధించిన కణాల్లో పుట్టే క్యాన్సర్) ఉంటాయి. గట్టిగా, ఎర్రగా, చూడగానే గుండె ఝల్లుమనిపించే బుడిపె రెండు నెలల్లో దానంతటదే మాయం కావచ్చు. అందుకని ఇంట్లో గడ్డ పేరు తేల్చుకోవాలని చూడకండి. దానికి సూది పరీక్ష, అంటే సన్నటి సూదితో గడ్డలోంచి కణాలు తీసి గాజు స్లైడు మీద చూసే పరీక్ష, ఎంత త్వరగా చేయించాలన్నది తేల్చుకోండి. అది ఇంట్లోనే తేల్చుకోగలిగిన విషయం.

ముందుగా అది నిజంగా గడ్డేనా అని చూడాలి. మగకుక్కలకూ చనుమొనలు ఉంటాయి. వాటిని పులిపిర్లనుకుని గిల్లేవాళ్లున్నారు. రొమ్ము ఎముక చివర, ఆఖరి పక్కటెముకల కొసలు సన్నటి కుక్కల్లో గట్టి ఉండల్లా తగులుతాయి. మగకుక్క ఉద్రేకపడినప్పుడు పురుషాంగం మొదట్లో రెండు వైపులా గుండ్రంగా ఉబ్బుతుంది. కాసేపటికి తగ్గిపోతే అది మామూలే. నిండా రక్తం తాగిన గోమారు బూడిద రంగులో ఉబ్బి గడ్డలాగే ఉంటుంది. వెంట్రుకలు పాయ తీసి చూస్తే చర్మం దగ్గర కాళ్లు కనిపిస్తాయి. గోమారును పీకేశాక అక్కడ శనగబద్దంత గట్టి బుడిపె కొన్ని వారాలు ఉండిపోవడం కూడా మామూలే. టీకా వేసిన చోట వచ్చే ఉండా అంతే, సాధారణంగా మూడు నాలుగు వారాల్లో కరుగుతుంది. నెల దాటినా అలాగే ఉంటే మాత్రం మిగతా గడ్డల్లో ఒకటిగానే లెక్కేయండి.

ఒక సెంటీమీటరు, ఒక నెల

అమెరికాలో జంతువుల క్యాన్సర్ వైద్యురాలు స్యూ ఎట్టింగర్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది. గుర్తుంచుకోవడానికి ఇంతకన్నా తేలికైనది లేదు. గడ్డ ఒక సెంటీమీటరు ఉన్నా, అంటే పెద్ద కాబూలీ శనగ గింజంత ఉన్నా, లేదా నెల రోజులుగా ఉన్నా సూది పరీక్ష చేయించాలి. రెండూ కలిసేదాకా చూడక్కర్లేదు, ఏ ఒక్కటైనా చాలు.

అంత చిన్న గడ్డకు అంత హడావుడి ఎందుకంటే, ఒక సెంటీమీటరు కంతిలో సుమారు వంద కోట్ల కణాలుంటాయి. అడ్డం కొలత ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లయితే చూసేవాళ్లకు ‘కొంచెం పెరిగింది’ అనిపిస్తుంది, పరిమాణం మాత్రం ఎనిమిది రెట్లయి ఉంటుంది. ఆపరేషన్‌లో గడ్డ ఒక్కటే తీస్తే సరిపోదు, చుట్టూ బాగున్న చర్మాన్నీ కొంత కలిపి తీయాలి. సెంటీమీటరు కంతికి చుట్టూ రెండేసి సెంటీమీటర్లు కలిపి తీస్తే అయిదు సెంటీమీటర్ల వెడల్పు చర్మం పోతుంది. వీపు మీద అది సమస్య కాదు. ముంజేతి దగ్గరో, మడమ దగ్గరో అయితే కుట్టడానికి చర్మమే మిగలదు. కాళ్ల మీద, ముఖం మీద వచ్చిన గడ్డల విషయంలో ఆలస్యానికి చెల్లించే మూల్యం ఎక్కువని చెప్పేది అందుకే.

సెంటీమీటరు లోపు ఉండి, ఎర్రదనం గానీ దురద గానీ లేకుండా, కుక్క దాన్ని పట్టించుకోకుండా ఉంటే కొలిచి రాసుకుని ఆగొచ్చు. ఆగడమంటే ఏమీ చేయకపోవడం కాదు. స్కేలు పక్కన పెట్టి ఫోన్లో ఫొటో తీయండి. నాణెం పెట్టి తీయకండి, మన రూపాయి నాణేలే రెండు మూడు సైజుల్లో చలామణిలో ఉన్నాయి. పొడవు, వెడల్పు, తేదీ, ఒంటి మీద ఎక్కడుందన్నది రాసి, రెండు వారాలకొకసారి మళ్లీ కొలవండి. బొచ్చు కుక్కలకు గడ్డ పక్కన కొద్దిగా వెంట్రుకలు కత్తిరించి గుర్తు పెట్టుకోకపోతే వచ్చేసారికి అది దొరకదు. అసలు ‘ఎన్నాళ్ల నుంచి ఉంది’ అని డాక్టరు అడిగితే ఎక్కువమంది నిజాయితీగానే తప్పు చెబుతారు. చేతికి తగిలిన రోజు, గడ్డ మొదలైన రోజు ఒకటి కాదు కదా. ఫొటో ఉంటే ఆ చిక్కే ఉండదు.

ఆ రోజే తీసుకెళ్లాల్సినవి

కొన్ని గడ్డల విషయంలో సెంటీమీటరు, నెల లెక్కలు పనికిరావు.

ముఖమో కాలో గంటల వ్యవధిలో ఉబ్బిపోతే అది కంతి కాదు. తేనెటీగ, కందిరీగ కుట్టి ఉండొచ్చు, పాము కరిచి ఉండొచ్చు. పొలాల పక్కన, ఖాళీ స్థలాల పక్కన తిరిగే కుక్కల్లో వానాకాలం ఇది ఎక్కువ. వాపుతో పాటు జొల్లు కారడం, కనురెప్పలు వాలిపోవడం, తూలడం, కాట్ల దగ్గర రక్తం ఆగకపోవడం కనిపిస్తే గాయం వెతుక్కుంటూ కూర్చోకండి. కట్టు బిగించకుండా, కోయకుండా, కుక్కను నడిపించకుండా ఎత్తుకుని వెళ్లండి.

గజ్జల్లోనో బొడ్డు దగ్గరో మెత్తగా ఉండి, నొక్కితే లోపలికి పోయే గడ్డ హెర్నియా. అది కొన్నాళ్లు ఇబ్బంది పెట్టకుండా ఉండొచ్చు. ఒక్కసారిగా గట్టిపడి, నొప్పి పెట్టి, కుక్క వాంతులు చేసుకుంటే లోపల పేగు ఇరుక్కుందని అర్థం. అది గంటల్లో తేలాల్సిన విషయం.

పుండుపడిన గడ్డలో పురుగులు పడితే కూడా ఆగకూడదు. బయట పడుకునే కుక్కల్లో, ముఖ్యంగా ఎండాకాలం చివర నుంచి వానాకాలం పూర్తయ్యేదాకా, ఇది తరచూ జరుగుతుంది. కిరోసిన్, ఫినాయిల్ పోస్తే పురుగులు బయటికి వస్తాయని పోసేస్తారు. వాటితో మాంసం కాలిపోతుంది, కుక్క నాకితే విషం ఒంట్లోకి పోతుంది. పురుగులన్నీ బయటికి రావు కూడా. ఇంకో మాట. పురుగులు తీసి పుండు మాన్పడంతో పని అయిపోయిందనుకుంటారు. ఏ దెబ్బా తగలకుండా అక్కడ పుండు ఎందుకు పడిందన్నది అసలు ప్రశ్న. పెరిగి పెరిగి చర్మాన్ని చీల్చుకున్న కంతి చాలాసార్లు ఆ పురుగుల కింద ఉంటుంది.

గడ్డ నుంచి రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టండి. మధ్యలో ఎత్తి చూడకండి. అప్పటికీ ఆగకపోతే వెంటనే బయల్దేరాలి. గడ్డ ఉన్న కుక్క వాంతులు చేసుకుంటూ, తారులా నల్లటి విరేచనం పెడుతుంటే కూడా అంతే. ఎందుకో కిందే చెబుతాం.

ఇక ఆ రోజే కాకపోయినా తొందరగా చూపించాల్సింది ఒకటుంది. వేడిగా, ముట్టుకుంటే అరిచేంత నొప్పిగా ఉండే గడ్డ చాలావరకు చీముగడ్డ. ఇంకో కుక్క కరిచిన రెండు మూడు రోజులకు, పైన చిన్న గాటు మానిపోయి కింద చీము పడుతుంది. కుక్క మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 103 దాటి, తిండి మానేస్తే ఒకటి రెండు రోజుల్లో చూపించాలి. చీముగడ్డని తేలాక మందులిస్తే వారంలో తగ్గాలి. తగ్గి, మళ్లీ అక్కడే వచ్చిందంటే లోపల గడ్డి ముల్లో, పుల్ల ముక్కో ఉండిపోయిందన్నమాట. లేదా అది మొదటి నుంచీ చీముగడ్డ కాదు. కంటి కిందే పదే పదే ఉబ్బి చీము కారుతుంటే చర్మానికి మందు రాస్తూ పోవద్దు. పై దవడలో పెద్ద నమిలే పన్ను వేరు కుళ్లినప్పుడు వాపు సరిగ్గా అక్కడే వస్తుంది. పన్ను సంగతి చూడకపోతే అది మానదు.

తగ్గినట్టు కనిపించి మోసం చేసే గడ్డ

కుక్కల చర్మంలో వచ్చే ప్రమాదకరమైన కంతుల్లో ఎక్కువగా కనిపించేది మాస్ట్ సెల్ కంతి. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది ఏ వేషమైనా వేస్తుంది. పులిపిరిలా ఉండొచ్చు, దోమకాటు దద్దులా ఉండొచ్చు, కొవ్వు గడ్డలా మెత్తగా ఉండొచ్చు. పగ్, బాక్సర్, లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్‌లలో ఎక్కువ చూస్తాం, కానీ నాటుకుక్కలకు రాదని కాదు.

మాస్ట్ కణాలు అలర్జీకి సంబంధించినవి. వాటి నిండా హిస్టమిన్, హెపారిన్ లాంటి రసాయనాల రేణువులుంటాయి. తడిమినా నలిపినా అవి బయటపడి, కాసేపట్లోనే గడ్డ ఎర్రబడి ఉబ్బుతుంది. కొన్ని గంటలకో మర్నాటికో మళ్లీ చిన్నదవుతుంది. ‘నిన్న పెద్దగా ఉంది, ఇవాళ తగ్గింది’ అని ఇంట్లో ఊరట పడతారు. కొవ్వు గడ్డ అలా పెరిగి తగ్గదు. పెరిగి తగ్గే గడ్డను మామూలు దానికన్నా ముందే చూపించాలి. అందులోని హిస్టమిన్ రక్తంలో కలిసి కడుపులో ఆమ్లం పెంచి పుండ్లు పుట్టిస్తుంది. పైన చెప్పిన వాంతులు, నల్ల విరేచనం వచ్చేది ఇందువల్లే. అనుమానం ఉంటే సూది వేయడానికి ముందే డాక్టర్లు అవిల్ లాంటి యాంటీ హిస్టమిన్ ఇస్తారు.

దీన్ని కాలంతో పాటు పోయే ఒక గడ్డతో కలిపి పొరబడటం సహజం. మూడేళ్ల లోపు కుక్కకు చెవి మీదో ముఖం మీదో కాలి మీదో వెంట్రుకలు రాలిన ఎర్రటి గుండీ లాంటి బుడిపె వస్తే అది హిస్టియోసైటోమా కావచ్చు. సాధారణంగా రెండు మూడు నెలల్లో దానంతటదే పోతుంది. పోతుందని తెలుసు కాబట్టి సూది అక్కర్లేదనుకోకండి. అది హిస్టియోసైటోమానే అని స్లైడు చెప్పాకే నిశ్చింతగా ఆగొచ్చు. మూడు నెలలు దాటినా ఉంటే తీయించడమే మేలు. కుక్కపిల్లల పెదాల మీద, నోట్లో కాలీఫ్లవర్‌లా గుంపుగా వచ్చే వైరస్ పులిపిర్లు కూడా చాలావరకు కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో రాలిపోతాయి. తినలేనంతగా పెరిగితేనే వైద్యం కావాలి.

కొలతతో పని లేని చోట్లు

చనుకట్టు మీద గడ్డ ఆవగింజంత ఉన్నా వారంలోపు చూపించాలి. మన దగ్గర ఆడకుక్కల్లో చాలావాటికి పిల్లల ఆపరేషన్ జరగదు, జరిగినా నాలుగైదు ఈతలయ్యాక జరుగుతుంది. అమెరికాలో 1969లో వెలువడిన అధ్యయనం ప్రకారం, మొదటి ఎదకు ముందే గర్భసంచి, అండాశయాలు తీసేస్తే, తీయని కుక్కకుండే చనుకంతుల ముప్పులో 0.5 శాతమే మిగులుతుంది. మొదటి ఎద తర్వాత 8 శాతం, రెండోదాని తర్వాత 26 శాతం. ఆ అంకెలు అంత కచ్చితమా అని తర్వాతి సమీక్షకులు ప్రశ్నించారు. అయినా తొందరగా చేయిస్తే ముప్పు తగ్గుతుందన్నది ఇప్పటికీ ఎక్కువమంది వైద్యులు నమ్మే మాట.

చనుకంతుల్లో దాదాపు సగం ప్రమాదకరమైనవి. మూడు సెంటీమీటర్లు దాటకముందే తీస్తే ఫలితం బాగుంటుంది. ఇక్కడ సూది పరీక్ష బలహీనం, మంచిదో చెడ్డదో అది సరిగ్గా చెప్పలేదు. అందుకని ముందు ఛాతీ ఎక్స్‌రే తీసి, ఊపిరితిత్తుల్లోకి పాకలేదని చూసి, గడ్డను తీసేసి పరీక్షకు పంపుతారు. అయిదు జతల చన్లనూ మొదటి నుంచి చివరిదాకా తడమండి. ఒక గడ్డ ఉన్నచోట ఇంకోటి ఉండటం మామూలు. ఒక్క మినహాయింపు: కట్టంతా ఎర్రగా, వేడిగా, చెక్కలా గట్టిపడి, కాలు కూడా వాస్తే అది ఒక్కోసారి పాల వాపు కాదు, వాపుతో కూడిన చనుక్యాన్సర్. దాన్ని కోస్తే మేలు జరగదు. ముందు అది ఏమిటో తేలాలి.

కాలివేలు లావెక్కి, గోరు ఊడిపోయి, నెలల తరబడి ‘ఇన్‌ఫెక్షన్’ పేరుతో మందులు వాడుతున్న నల్ల లాబ్రడార్లు, రాట్‌వీలర్లు ఎన్నో. గోటి మొదట్లో వచ్చే క్యాన్సర్ అలాగే కనిపిస్తుంది. రెండు వారాల మందులకు తగ్గకపోతే వేలికి ఎక్స్‌రే తీయించమని అడగండి. నోట్లో, చిగుళ్ల మీద నల్లదైనా గులాబీ రంగుదైనా ముద్ద కనిపిస్తే ఆగొద్దు. మలద్వారం చుట్టూ వచ్చేవి రెండు రకాలు. వృషణాలు తీయించని ముసలి మగకుక్కల్లో వచ్చేది చాలావరకు హార్మోన్ వల్ల పెరిగే మంచి కంతే, వృషణాలు తీసేస్తే తగ్గిపోతుంది. మలద్వారానికి పక్కన లోతుగా గట్టిగా తగిలేది మాత్రం ఆసన గ్రంథి క్యాన్సర్ కావచ్చు. అది రక్తంలో కాల్షియం పెంచుతుంది, కుక్క విపరీతంగా నీళ్లు తాగి మూత్రం పోస్తుంది. దీన్ని డాక్టరు గ్లవ్ వేసుకుని లోపల తడిమి చూడాలి, పైకి కనిపించదు.

దవడ కింద, భుజం ముందు, మోకాలి వెనక రెండు వైపులా ఒకేలా ఉండలు తగిలితే అవి చర్మపు గడ్డలు కావు, లింఫు గ్రంథులు. లింఫోమా అనే రక్తసంబంధ క్యాన్సర్‌లో ఇలా ఉబ్బుతాయి. మన ప్రాంతంలో గోమార్ల వల్ల వచ్చే జ్వరంలోనూ ఉబ్బుతాయి. ఈ రెంటికీ మందులు వేరు కాబట్టి సూది పరీక్ష, రక్త పరీక్ష రెండూ కావాలి.

వీధుల్లో తిరిగే కుక్కలు, వాటితో కలిసే పెంపుడు కుక్కల్లో ఇంకో కంతి చాలా ఎక్కువ. ఇది సంపర్కంలో, నాకడంలో, వాసన చూడటంలో బతికున్న క్యాన్సర్ కణాలే ఒక కుక్క నుంచి ఇంకోదానికి అంటుకుని పెరిగే టీవీటీ (ట్రాన్స్‌మిసిబుల్ వెనీరియల్ ట్యూమర్). జననాంగం మీద కాలీఫ్లవర్‌లా, ముట్టుకుంటే రక్తం వచ్చేలా ఉంటుంది. ఆడకుక్కలో ఎద అనుకుని, మగకుక్కలో మూత్రంలో రక్తం అనుకుని నెలలు గడిపేస్తారు. ముక్కులోకి, నోట్లోకి, చర్మం మీదికి కూడా రావచ్చు. విషాదమేమిటంటే వేలాది వీధికుక్కలు దీనితో నరకయాతన పడతాయి, నిజానికి క్యాన్సర్లన్నిటిలో సులువుగా నయమయ్యేవాటిలో ఇదొకటి. విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ వారానికొకటి, సాధారణంగా నాలుగు నుంచి ఆరు. గడ్డ పోయినట్టు కనిపించగానే మధ్యలో మానేస్తే తిరగబెడుతుంది. ఈ మందు నరంలోకే పోవాలి, పక్కకు కారితే అక్కడి మాంసం కుళ్లుతుంది. ప్రతి డోసుకు ముందు రక్తకణాల లెక్క చూడాలి. వీధికుక్కకు వైద్యం చేయించేవాళ్లు ఈ వారాలన్నీ దాన్ని ఒకచోట ఉంచే ఏర్పాటు ముందే చూసుకోవాలి.

సూది పరీక్షలో ఏం జరుగుతుంది

చాలా కుక్కలకు మత్తు అక్కర్లేదు. టీకా సూదంత, 22 నుంచి 25 గేజ్ సూదిని గడ్డలోకి దించి, దిశ మారుస్తూ నాలుగైదు సార్లు ముందుకీ వెనక్కీ కదిపి, సూదిలోకి వచ్చిన కణాలను గాజు స్లైడు మీద ఊది, పలుచగా పరుస్తారు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు చూసి చెప్పొచ్చు గానీ గడ్డ విషయంలో ఆ లెక్క కుదరదు. ఒక మూల కొవ్వు, ఇంకో మూల రక్తం, మధ్యలో చచ్చిన కణాలు ఉండొచ్చు. అందుకే రెండు మూడు చోట్ల నుంచి తీసి నాలుగైదు స్లైడ్లు చేయడం పద్ధతి. మాస్ట్ సెల్ కంతిని నూటికి తొంభైకి పైగా సందర్భాల్లో ఈ ఒక్క పరీక్షే పట్టిస్తుంది.

కొన్ని చిన్న పొరపాట్లు స్లైడును పాడుచేస్తాయి. గడ్డ మీద పసుపు, వేపనూనె, ఆయింట్‌మెంట్ రాసి తీసుకెళ్లకండి. స్కానింగ్ చేసి ఉంటే ఆ జెల్‌ను పూర్తిగా తుడవాలి, అది కణాలను చెడగొడుతుంది. స్లైడును గాలికే ఆరనివ్వాలి, ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఫార్మలిన్ సీసాతో ఒకే కవర్లో పంపకూడదు, ఆ ఆవిరికే కణాలు రంగు పట్టవు. కొవ్వు గడ్డ శాంపిల్ ఎంతసేపటికీ ఆరదు, నూనెలా మెరుస్తుంది. ఆల్కహాల్‌లో ముంచితే కొవ్వు కడుక్కుపోయి స్లైడు ఖాళీగా కనిపిస్తుంది. త్వరగా రంగు వేసే కొన్ని కిట్లకు మాస్ట్ కణాల రేణువులు సరిగా రంగు పట్టవు. అనుమానం ఉంటే లీష్మన్, గీమ్సా లాంటి రంగుతో ఇంకో స్లైడు చూడాలి.

‘శాంపిల్ చాల్లేదు’ అని రిపోర్టు వస్తే దాని అర్థం క్యాన్సర్ లేదని కాదు. మళ్లీ తీయాలి, లేదా మత్తిచ్చి చిన్న ముక్క కోసి బయాప్సీకి పంపాలి. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయం చాలామందిలో ఉంది. మూత్రాశయం లోపలి కంతుల విషయంలో ఆ భయానికి ఆధారం ఉంది, అందుకే అక్కడ గుచ్చరు. చర్మపు గడ్డల్లో అది పరీక్ష మానుకోవాల్సినంత ముప్పు కాదు. పరీక్ష లేకుండా ఏళ్లు గడపడం వల్ల జరిగే నష్టమే ఎక్కువ.

డాక్టరు తడిమి ‘కొవ్వు గడ్డే, వదిలేయండి’ అంటే, ‘ఒకసారి సూది వేసి చూస్తారా?’ అని అడగడం తప్పు కాదు, మంచి డాక్టరు నొచ్చుకోరు. నిజంగా కొవ్వు గడ్డే అని స్లైడులో తేలితే ఆపరేషన్ లేకుండా బతకొచ్చు. చంకలోనో గజ్జల్లోనో నడకకు అడ్డం వస్తేనో, వేగంగా పెరిగితేనో, గట్టిపడితేనో తప్ప దాన్ని తీయరు. ముసలి కుక్కకు ఇదంతా ఎందుకులే అనేవాళ్లు గమనించాల్సింది ఇదే: ఎక్కువసార్లు ఈ పరీక్ష ముసలి కుక్కను ఆపరేషన్ నుంచి తప్పిస్తుంది. ఒక గడ్డ కొవ్వని తేలినంత మాత్రాన పక్కదీ కొవ్వే అనుకోకూడదు. ఒక్కో గడ్డకు ఒక్కో సూది, ఏది ఎక్కడిదో బొమ్మ గీసి గుర్తు పెట్టుకోవాలి.

పరీక్షకు ముందే చెడగొట్టేవి

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది స్టెరాయిడ్ ఇంజెక్షన్. గడ్డ కరుగుతుందని డెక్సామెథసోన్, ప్రెడ్నిసలోన్ వేసేస్తారు. మాస్ట్ సెల్ కంతి, లింఫోమా రెండూ దానికి కొన్నాళ్లు కరిగినట్టే కరుగుతాయి. ఆ తర్వాత తీసిన సూదిలో జబ్బు కనిపించకపోవచ్చు, లింఫోమాకు తర్వాతిచ్చే కీమో సరిగా పని చేయదు. హిస్టియోసైటోమా అయితే దానంతటది పోయే దారి మూసుకుపోతుంది. పేరు తేలనిదే స్టెరాయిడ్ వద్దని గట్టిగా చెప్పండి.

గడ్డను పిండకండి. తిత్తిలోంచి తెల్లటి పేస్టు వస్తుందని పిండితే, అది లోపలివైపు పగిలి చుట్టూ పెద్ద వాపు వస్తుంది. మాస్ట్ సెల్ అయితే ఒళ్లంతా హిస్టమిన్ చిమ్మినట్టే. పులిపిరికి దారమో వెంట్రుకో బిగించడం, సున్నం పెట్టడం, వాత పెట్టడం పుండును మిగులుస్తాయి, పరీక్షకు పంపాల్సిన కండను మిగల్చవు. నొప్పి తగ్గాలని మన డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ ఇవ్వకండి. కుక్కల్లో కడుపు పుండ్లు పడి, కిడ్నీలు దెబ్బతింటాయి.

తీయాల్సి వస్తే

‘తీసేసి చూద్దాం’ అనే మాట చులాగ్గా వస్తుంది. చర్మం కింది మెత్తటి కణజాలంలో పుట్టే సార్కోమా అనే క్యాన్సర్ కంతులకు చుట్టూ పొర ఉన్నట్టు కనిపిస్తుంది. కోయగానే పనసతొనలా నున్నగా ఊడి వచ్చేస్తుంది. ఆ పొర నిజానికి అణగిపోయిన క్యాన్సర్ కణాలదే, కొంత అక్కడే మిగిలిపోతుంది. కొన్ని నెలలకు అదే మచ్చ పక్కన ఇంకా పెద్దదిగా వస్తుంది. మొదటి ఆపరేషన్‌కే గెలిచే అవకాశం ఎక్కువ. అది ఏ రకం కంతో ముందే తెలిస్తే ఎంత దూరం, ఎంత లోతు తీయాలో సర్జన్ ముందే నిర్ణయించుకుంటారు. తక్కువ తీవ్రత ఉన్న మాస్ట్ సెల్ కంతికి చుట్టూ రెండు సెంటీమీటర్లు, లోతున ఒక కండర పొర కలిపి తీయడం ఒక వాడుక లెక్క.

ఆపరేషన్‌కు ముందు రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు తప్పక చూడాలి. గోమార్ల జ్వరం లోపల దాగి ఉన్న కుక్కల్లో అవి పడిపోయి ఉంటాయి, బల్ల మీద రక్తం ఆగదు. మన ప్రాంతంలో ఈ పరీక్ష మానుకోవడానికి ఏ సాకూ పనికిరాదు.

తీసిన గడ్డను పారేయనివ్వకండి. పది శాతం ఫార్మలిన్‌లో, గడ్డ ఒక వంతైతే ద్రవం పది వంతులు ఉండేలా, వెడల్పు మూతి సీసాలో వేయాలి. ఇరుకు మూతి సీసాలో మెత్తగా దూరిన ముక్క గట్టిపడ్డాక బయటికి రాదు. సెలైన్‌లోనో స్పిరిట్‌లోనో వేస్తే పాడవుతుంది. సీసా మీద కుక్క వయసు, జాతి, ఒంటి మీద ఎక్కడి గడ్డ, ఎన్నాళ్లది, సూది పరీక్షలో ఏమొచ్చిందన్నది రాయాలి. చిన్న ఊళ్లలో ఇది మనుషుల ల్యాబుకే వెళ్తుంటుంది. వాళ్లు కంతి అని చెప్పగలరు గానీ, కుక్కల మాస్ట్ సెల్‌కు వాడే గ్రేడింగ్ (కంతి ఎంత తీవ్రమో చెప్పే లెక్క) మనుషులది కాదు. 1984 నాటి మూడు గ్రేడ్ల పద్ధతి, 2011లో వచ్చిన రెండు గ్రేడ్ల పద్ధతి పశువైద్య పాథాలజిస్టులవి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లో పాథాలజీ విభాగాలున్నాయి. మీ డాక్టరును అడిగి అక్కడికో, పశువుల శాంపిళ్లు చూసే ప్రైవేటు ల్యాబుకో పంపించండి.

రిపోర్టు చేతికొచ్చాక మూడు విషయాలు వెతకండి: కంతి పేరు, గ్రేడు, అంచుల్లో క్యాన్సర్ కణాలున్నాయా లేదా అన్నది. అంచులు శుభ్రంగా ఉండి గ్రేడు తక్కువైతే మాస్ట్ సెల్ కంతి కూడా ఆపరేషన్‌తోనే నయమైపోయే అవకాశం చాలా ఎక్కువ. అంచుల్లో కణాలు మిగిలితే కుట్లు మానే లోపే రెండో ఆపరేషన్ గురించి మాట్లాడుకోవాలి, ‘మళ్లీ వస్తే చూద్దాం’ అనకూడదు. కుట్లు పది నుంచి పద్నాలుగు రోజులు ఉంటాయి, అన్ని రోజులూ మెడకు కాలర్ ఉండాల్సిందే. ఒకసారి మాస్ట్ సెల్ కంతి వచ్చిన కుక్కకు ఒంటి మీద వేరేచోట కొత్తది పుట్టడం అరుదు కాదు. ఆ కుక్కను నెలకోసారి పెదాల నుంచి తోక కింది దాకా, వేళ్ల సందులతో సహా తడమాలి. కొత్తగా ఏది తగిలినా దానికి సెంటీమీటరు అయ్యేదాకా ఆగడం వర్తించదు.